పొద్దుగూకే వేళ పైనుంచి చూస్తే పల్లె

పెద్దమందడి: సాయంత్రం అయ్యేసరికి చెరువు కట్ట మీద ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు చేరడం, తేనెతుట్టె కదిలినట్టు రొద చేస్తూ నాలుగు రెక్కల యంత్రం ఒకటి పైకి లేవడం మన పల్లెల్లో ఇప్పుడు వింత కాదు. పెళ్లిళ్లలో, జాతరల్లో తిరిగే డ్రోను కెమెరా ఇప్పుడు పొద్దుగూకే సూర్యుడి వెంట పడింది. వనపర్తి జిల్లాలో శ్రీరంగాపూర్ రంగసముద్రం, మదనాపురం దగ్గరి సరళాసాగర్, గద్వాల వైపు జూరాల, నాగర్‌కర్నూల్ జిల్లాలో సోమశిల వద్ద కృష్ణ ఒడ్డు. పడమటి ఎండ నీళ్ల మీద పరుచుకునే చోట్లకు ఈ ప్రాంతంలో కొదవ లేదు.

ఇదంతా కుర్రకారు సరదా అని పెద్దలు కొట్టిపారేస్తున్నారు. సరదా మాట నిజమే. అయితే ఈ ఫొటోల్లో ఊరికి పనికొచ్చే సంగతి కూడా ఉంది. దాన్ని రాబట్టుకోవాలంటే ఎప్పుడు, ఎంత ఎత్తున, ఎవరికీ ఇబ్బంది లేకుండా ఎలా ఎగరేయాలో తెలిసి ఉండాలి.

రెండుసార్లు గూకే పొద్దు

చదును నేల మీద నిలబడ్డ మనిషి కంటికి భూమి అంచు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోనే ఆగిపోతుంది. డ్రోను 400 అడుగులు లేస్తే, గుట్టలు అడ్డం లేని చోట, దాని చూపు దాదాపు 39 కిలోమీటర్లు సాగుతుంది. అందుచేత కింద మనకు సూర్యుడు మునిగిపోయాక కూడా పైనున్న కెమెరాకు ఇంకో నిమిషం పైగా కనిపిస్తూనే ఉంటాడు. కట్ట మీద ఒకసారి, డ్రోను తెర మీద మరోసారి, ఒకే సాయంత్రం రెండు అస్తమయాలు చూడవచ్చన్నమాట.

పొద్దు వాలేకొద్దీ వెలుతురు గాలిపొరలో ఎక్కువ దూరం నడిచి రావాలి. ఆ దారిలో నీలం రంగు చెదిరిపోయి ఎరుపు, నారింజ మిగులుతాయి. వాన వెలిసి గాలి కడిగినట్టున్న సాయంత్రం పడమట పలుచని మబ్బు ఉంటే రంగులు బాగా పూస్తాయి. వేసవి దుమ్ములో సూర్యుడు మాసిన రాగి పళ్లెంలా దిగుతాడు. 1883లో ఇండోనేషియాలో క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు ఆ ధూళి ఆకాశంలో బహుదూరం వ్యాపించి, ఎన్నో దేశాల్లో నెలల తరబడి అస్తమయాలు రక్తవర్ణంలో కనిపించాయి.

మన ప్రాంతంలో నవంబరు చివర సాయంత్రం 5.40 ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. జూలై మొదట్లో 6.50 దాటుతుంది. గూకే చోటు కూడా ఏడాదంతా ఒక్కటి కాదు. డిసెంబరులో నైరుతి వైపు, జూన్‌లో వాయవ్యం వైపు జరుగుతుంది. ఈ రెంటి నడుమ తేడా దాదాపు 49 డిగ్రీలు. సంక్రాంతినాడు గుడి వెనుక దిగిన సూర్యుడు ఏరువాక నాటికి తాటివనం వెనుక దిగవచ్చు. ఫొటో తీసేవారు ఈ లెక్క చూసుకుని చోటు ఎంచుకోవాలి.

తీసే పద్ధతి

కెమెరాను దాని ఇష్టానికి వదిలేస్తే నేలను వెలుగుగా చూపబోయి ఆకాశాన్ని వెలవెలబోయేలా చేస్తుంది. తెర మీద సూర్యుడి పక్కనున్న ఆకాశాన్ని వేలితో తాకి వెలుతురు తగ్గించుకోవాలి. అప్పుడు చెట్లు, గుడి, ఇంటికి మళ్లిన పశువులు నల్లని నీడబొమ్మలుగా తేలతాయి. సూర్యుడు మునిగాక కూడా ఇరవై నిమిషాల దాకా ఆకాశం రంగులు మారుతూనే ఉంటుంది.

బ్యాటరీ అరగంట అటూ ఇటూ వస్తుంది. కనుక పొద్దుకు పది నిమిషాల ముందు ఎగరేసి, పావు వంతు చార్జింగు మిగిలి ఉండగానే దించుకోవడం క్షేమం. అడ్డాలను కనిపెట్టే సెన్సార్లు మసక చీకట్లో సరిగా పనిచేయవు. నీళ్ల మీద మరీ కిందుగా పోతే తికమకపడతాయి. పొలాల మీది కరెంటు తీగలు వాటికి ఆనవు.

ఏటవాలు ఎండలో ఊరి గుట్టు

సూర్యుణ్ణి తీసుకున్నాక, లేదా పొద్దు ఇంకా బారెడు ఉండగా, కెమెరాను ఒక్కసారి ఊరి వైపు తిప్పాలి. మిట్టమధ్యాహ్నం పైనుంచి తీస్తే నేలంతా చదునుగా కనిపిస్తుంది. అదే ఏటవాలు ఎండలో జానెడు మిట్టకు బారెడు నీడ పడుతుంది. పూడిన కాలువ, చెరిగిన గట్టు, కోట చుట్టూ కూలిన గోడ జాడ ఆ నీడల్లో గీత గీసినట్టు బయటపడతాయి. మట్టిలో కలిసిన పాత కట్టడాలను పురావస్తు పరిశోధకులు విమానం నుంచి ఈ ఉపాయంతోనే గుర్తించారు. మనకు దగ్గరలోనే ఖిల్లా ఘనపురం కోట ఉంది.

చెరువుల సంగతి అంతకన్నా ముఖ్యం. ఏటా అదే తేదీన, అదే చోటు నుంచి, అదే ఎత్తులో ఒక ఫొటో తీసి దాచితే నీరు ఎంతవరకు వచ్చిందీ, శిఖం ఎక్కడ కుంచించుకుపోయిందీ, కట్ట ఎక్కడ కుంగిందీ పదేళ్ల తర్వాత ఊరి ముందు సాక్ష్యంగా నిలుస్తుంది. 1959లో ప్రారంభమై, వాటంతటవే పనిచేసే సైఫన్లకు పేరొందిన సరళాసాగర్ కట్ట 2019 డిసెంబరు 31న తెగింది. ఆ రోజు ఈ ప్రాంత రైతులకు బాగా గుర్తుంది. ఫొటో తీసినంత మాత్రాన కట్ట ఆగదు. అయినా కట్టను కనిపెట్టుకుని చూసే కన్ను మరొకటి ఉండటం మేలే.

చట్టం మాట

2021 ఆగస్టులో కేంద్రం డ్రోన్ నిబంధనలు తెచ్చింది. డ్రోనును నమోదు చేయించి నంబరు తీసుకోవాలి. గ్రీన్ జోన్‌గా చూపిన చోట 400 అడుగుల వరకే ఎగరేయాలి. 250 గ్రాముల లోపు డ్రోనుకు పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు. అంతకు మించి రెండు కిలోల వరకు ఉన్నదాన్ని సరదాకు ఎగరేసినా అక్కరలేదు. అదే డబ్బు తీసుకుని పెళ్లిజంటలకు వీడియోలు తీస్తే మాత్రం సర్టిఫికెట్ ఉండాలి. పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండి 65 దాటనివారు శిక్షణ పొంది దాన్ని తెచ్చుకోవచ్చు. నిబంధనలు మీరితే లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. జూరాల వంటి ప్రాజెక్టుల వద్ద, అమ్రాబాద్ పులుల అభయారణ్యం పరిధిలో అధికారులను అడగనిదే ఎగరేయరాదు.

అది పక్షుల వేళ

పొద్దుగూకే వేళ ఒక్క డ్రోనుదే కాదు. కొంగలు, నీటికాకులు గూళ్లకు చేరేది అప్పుడే. వాటి గుంపులోకి డ్రోనును తోలితే రాత్రి బస చెదిరిపోతుంది. గద్దలు డ్రోను మీదికి వచ్చి దాన్ని పడగొట్టగలవు కూడా. జర్మనీలో నాయ్‌బ్రోనర్ అనే ఔషధాల తయారీదారు 1907 ప్రాంతంలో పావురాల రొమ్ముకు చిన్న కెమెరాలు కట్టి పైనుంచి ఫొటోలు తీయించాడు. ఆనాడు కెమెరాను మోసింది పక్షి. ఈనాడు కెమెరా పక్షిని తరమడం న్యాయం కాదు.

మందలు బెదిరి చెదరకుండా చూడాలి. ఆడవాళ్లు స్నానాలకు, బహిర్భూమికి వెళ్లే చోట్ల, ఇళ్ల డాబాల మీద కెమెరా నిలపడం సరదా కాదు, నేరం. ఊరి పెద్దలు దీన్ని ముందుగానే గట్టిగా చెప్పాలి.

పెళ్లి ఫొటోలపై బతికే కుర్రాళ్లు మండలాల్లో ఎందరో ఉన్నారు. నమోదు, సర్టిఫికెట్ సంగతులు తెలియక వారు జరిమానాల పాలు కాకుండా మండల కేంద్రంలో ఒక అవగాహన శిబిరం పెట్టడం అవసరం. అధికారులు ఆ పని చేస్తే, ఏటా ఒక సాయంత్రం ఊరి చెరువు ఫొటో తీసి గ్రామ పంచాయతీకి ఇమ్మని ఆ కుర్రాళ్లను అడిగే హక్కు ఊరికి వస్తుంది. గోడకు తగిలించిన ఆ ఫొటోల వరుసే రేపు చెరువు హద్దు చెబుతుంది.