అరవై డిగ్రీలకే మరిగే పాకం

2015 డిసెంబరులో మూతపడేదాకా మెదక్ దగ్గరి మంబోజిపల్లి చక్కెర ఫ్యాక్టరీకి మంజీర నీటితో పండిన చెరకు చేరేది. రసం గింజకట్టి పంచదారయ్యే ఘట్టం అలాంటి ఫ్యాక్టరీల్లో ఓ మూసిన పాత్రలో నడుస్తుంది. దాన్ని వ్యాక్యూమ్ ప్యాన్ అంటారు. పదార్థపు స్థితి అంటే ఏమిటో ఇంత చక్కగా చెప్పే యంత్రం మరొకటి లేదని నా నమ్మకం.

బెల్లం పెనంలో పాకం ముదిరేకొద్దీ వేడి 110 డిగ్రీలు దాటుతుంది. కొంత చక్కెర విరిగి, రంగు నల్లబడుతుంది. బెల్లానికి రుచి అక్కడే వస్తుంది, తెల్లని పంచదారకు మాత్రం అది నష్టం. మరిగించకపోతే నీరు పోదు, మరిగిస్తే చక్కెర మాడుతుంది. ఈ చిక్కును 1813లో ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ చార్ల్స్ హోవర్డ్ విప్పాడు. పాత్రకు మూత బిగించి లోపలి గాలిని, ఆవిరిని తోడేశాడు.

నీరు 100 డిగ్రీలకు మరిగేది సముద్రమట్టం దగ్గరే. 400 మీటర్లకు పైగా ఎత్తున్న మెదక్‌లో 99 చేరకముందే తెర్లుతుంది. పీడనాన్ని 760 మిల్లీమీటర్ల పాదరసం నుంచి 100కు దింపితే సుమారు 52 డిగ్రీలు చాలు. ప్యాన్‌లో చిక్కటి పాకం 60–70 మధ్య ఉడుకుతుంది.

ఆ తేడాలోనే అసలు సంగతుంది. ఒకే పీడనంలో నీటికన్నా పాకం ఎక్కువ వేడికి మరుగుతుంది, చిక్కబడేకొద్దీ తేడా పెరుగుతుంది. కనుక పీడనం, ఉష్ణోగ్రత చూపే రెండు ముళ్లనూ కలిపి చదివితే మూత తీయకుండానే చిక్కదనం తెలుస్తుంది. ఇవన్నీ ధర్మాలు. కొన్ని ఖాయమైతే మిగతావి వాటంతటవే ఖాయమవుతాయి. అలా కుదిరిందే స్థితి. పాకం అక్కడికి ఏ దారిన వచ్చిందన్నది దానికి పట్టదు. ఇంత లెక్కున్నా ప్యాన్ నడిపే ప్యాన్‌మ్యాన్ నమూనా కడ్డీ లాగి, చుక్కను గాజుపలకపై పరిచి, వెలుతురుకు పట్టి గింజ చూస్తాడు.

హోవర్డ్ ప్యాన్‌లో లేచిన ఆవిరి మాత్రం వృథాగా పోయేది. అమెరికాలో లూసియానా చెరకు తోటల్లో బానిసలు కుతకుతలాడే రసాన్ని గరిటెలతో కడాయి నుంచి కడాయికి తోడేవారు, ఒళ్లు కాల్చుకునేవారు. లూసియానాలోనే పుట్టిన నల్లజాతి మూలాల ఇంజనీరు నోర్బర్ట్ రిలియూ ఆవిరిని మళ్లీ వాడుకునే పద్ధతికి 1843లో, 1846లో పేటెంట్లు తీసుకున్నాడు. మొదటి పాత్ర ఆవిరి రెండోదాన్ని, రెండోదాని ఆవిరి మూడోదాన్ని మరిగించాలి. ఒక్కోదాంట్లో పీడనం ముందుదానికన్నా తక్కువ కాబట్టి చల్లబడిన ఆవిరికీ ఆ సత్తువ మిగులుతుంది. పొయ్యిలో వేసిన ఇంధనం ఒక్కటే, మరిగే పాత్రలు మూడు. పాలపొడి తయారీలో, ఉప్పునీటిని మంచినీరుగా మార్చే కొన్ని కేంద్రాల్లో ఇప్పటికీ ఇదే వరస.