నరం దొరకదు, ఏళ్లు గడుస్తున్నాయి

నెల్లూరు జిల్లా సోమశిల చుట్టుపక్కల పల్లెల్లో పసిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటే తల్లి సగం చచ్చిపోయేది జబ్బుకు కాదు, సూదికి. సెలైన్ ఎక్కించాలన్న మాట వినగానే ఆమె కొంగు బిగిస్తుంది. నరం కోసం ముందు చేతులు, తర్వాత కాళ్లు, ఆఖరికి తల. ఇది నిన్నమొన్నటి బాధ కాదు. ఇవాళ బిడ్డను ఒళ్లో అదిమి పట్టుకునే తల్లిని ఒకప్పుడు వాళ్లమ్మా ఇలాగే పట్టుకుంది.

"ఒకరు చెయ్యి పట్టుకోవాల, ఒకరు కాళ్లు, నేను తల. బిడ్డ నా మొహమే చూస్తా ఏడస్తాడు. పట్టిస్తండేది అమ్మేనని వాడికి తెలుసు గదా" అంటుంది అనంతసాగరం వైపు ఒక తల్లి.

సిస్టరు రబ్బరు గ్లౌజునే మణికట్టు పైన బిగించి కడుతుంది. వేళ్లతో తడుతుంది. సెల్‌ఫోన్ టార్చి అరచేతి కింద పెట్టి చూస్తుంది. పసుపు రంగు 24 గేజ్ క్యాన్యులా ఎక్కితే, మందుల పెట్టె చించిన అట్టముక్కను చేతికింద ఆనించి ప్లాస్టరు చుట్టేస్తారు. ఎక్కకపోతే దూది అదిమి, రెండో చెయ్యి. రాత్రి బిడ్డ కదిలి చెయ్యి వాచిందా, మళ్లీ మొదటికి. తలలో నరం కోసం జుట్టు గొరగాల్సి వస్తుంది. పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకున్న పుట్టువెంట్రుకలు ఆస్పత్రి బల్ల మీద రాలిపోతాయి. "స్వామికి ఏం చెప్పుకోవాల?" అని అవ్వలు లెంపలేసుకుంటారు.

తప్పు సిస్టర్లది కాదు. ఒంట్లో నీరు తగ్గేకొద్దీ నరాలు ముడుచుకుపోతాయి. బొద్దు చేతుల్లో, నల్లని చర్మం కింద అసలే కనిపించవు. సెలైన్ ఎవరికి ఎక్కువ అవసరమో ఆ బిడ్డకే నరం దొరకదు. ఓఆర్‌ఎస్ పట్టించమంటారు, పట్టిస్తూనే ఉన్నారు. గుక్కెడు నీళ్లు కూడా కడుపులో నిలవని బిడ్డ సంగతేమిటి?

దీనికి ఒక సాధనం ఉంది. కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును చర్మం మీద వేస్తే రక్తంలోని హిమోగ్లోబిన్ దాన్ని పీల్చుకుంటుంది, చుట్టూ ఉన్న కండ వెనక్కి పంపుతుంది. ఆ తేడాను కెమెరా పట్టుకుని నరాల దారిని అదే చేతి మీద బొమ్మగా చూపిస్తుంది. ఎక్స్‌రే లాంటి రేడియేషన్ భయం లేదు. ఈ యంత్రాలు అమ్మకానికి వచ్చి 20 ఏళ్లవుతోంది. నరం ఎంత లోతున ఉందో ఇది చెప్పదు, నేర్చిన చెయ్యి ఎలాగూ కావాలి. నరాలు తేలిగ్గా కనిపించే పిల్లలకు దీనివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదని పరిశోధనలు చెప్పిన మాటా నిజమే. నరం దొరకని పిల్లల దగ్గరే దాని విలువ. ఇక్కడి తల్లులు అడుగుతున్నది ఆ పిల్లల కోసమే. 20 ఏళ్లుగా అమ్మకంలో ఉన్న ఈ వెలుగును ఈ పల్లెల వాళ్లు తమ ఆస్పత్రుల్లో చూసి ఎరగరు.

ఇక్కడ వాళ్లు వినేది ఒకే మాట: "నరం దొరకడం లేదు, నెల్లూరు తీసుకుపోండి." ఆత్మకూరు నుంచి అయితే 50 కిలోమీటర్ల పైమాటే, ఉదయగిరి నుంచి దాదాపు రెట్టింపు. అర్ధరాత్రి కారు మాట్లాడుకోవాలి, పెద్దబిడ్డను పక్కింట్లో వదలాలి, కూలి పోగొట్టుకోవాలి. దారి పొడుగునా బిడ్డ ఒంట్లో నీరు ఇంకా తగ్గుతూనే ఉంటుంది.

పెన్నకు అడ్డంగా 78 టీఎంసీల జలాశయం కోసం ఊళ్లు వదులుకున్న కుటుంబాల మనవళ్లూ ఈ పిల్లల్లో ఉన్నారు. సోమశిల నీళ్లు నెల్లూరు డెల్టా దాకా పోతున్నాయి. నెల్లూరులో దొరికే వైద్యం ఇన్నేళ్లయినా సోమశిల దాకా రాలేదు.

వీళ్లు అడిగేది కొండంత కాదు. పిల్లలకు సెలైన్ పెట్టే ప్రతిచోటా ఒక యంత్రం, దాన్ని వాడటం వచ్చిన సిస్టరు. "తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేస్తే కుదరదు. జొరం పగలే రాదు గదా, రేత్రి డ్యూటీ సిస్టరమ్మ చేతికీ అందాల" అని ఆత్మకూరు దగ్గరి ఒక తండ్రి ముందే చెబుతున్నాడు.