విమాన భద్రత: తనిఖీ చేసేవారి కొరత

విమానం ఎక్కేటప్పుడు మీరు పైలట్‌ను నమ్ముతారు. ఆ పైలట్ శిక్షణను, విమానసంస్థ పద్ధతులను పరీక్షించేది ఎవరు? మన దేశంలో ఆ బాధ్యత పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏది.

2014 జనవరిలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ భారతదేశాన్ని రెండో శ్రేణికి దించింది. గమనించండి: ఈ శ్రేణి విమానసంస్థలకు ఇచ్చేది కాదు, ప్రభుత్వ పర్యవేక్షణకు ఇచ్చేది. పూర్తికాలిక ఫ్లైట్ ఆపరేషన్స్ ఇన్‌స్పెక్టర్లు చాలినంతమంది లేకపోవడం ఒక ముఖ్య లోపం. విమానసంస్థల నుంచే పైలట్లను తెచ్చుకుని తనిఖీలు చేయించేవారు. జీతమిచ్చే సంస్థలో తప్పు పట్టడం ఎవరికైనా ఇబ్బందే. అలాగని అనుభవమున్న పైలట్ ప్రభుత్వ జీతానికి రావడం కష్టం. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఆ శ్రేణిలో ఉన్నంతకాలం మన సంస్థలు అమెరికాకు కొత్త సర్వీసులు నడపలేకపోయాయి. ఇన్‌స్పెక్టర్ల నియామకాలతో పాటు మిగతా లోపాలనూ సరిదిద్దుకున్నాక, 2015 ఏప్రిల్‌లో మొదటి శ్రేణి తిరిగి దక్కింది. 2020 చట్ట సవరణ డీజీసీఏకు చట్టబద్ధ హోదా ఇచ్చినా, అది మంత్రిత్వశాఖ అధీనంలోనే ఉంది.