ఎవరి డబ్బు, ఎవరి ప్రశ్న? - దేవనకొండ నుంచి కృత్రిమ మేధ

కృత్రిమ మేధకు కులం లేదంటారు. యంత్రానికి లేకపోవచ్చు. ఏ ప్రశ్న మీద పరిశోధన జరగాలో మాత్రం డబ్బు పెట్టేవాళ్లే తేలుస్తారు. ఇది మన సీమ అనుభవంలోనే ఉంది.

2016 ఖరీఫ్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఒక ప్రయోగం చేశాయి. 1986 నుంచి 2015 దాకా వాతావరణ వివరాలు యంత్రానికిచ్చి, నేలలో పదును ఎప్పుడు చాలినంత ఉంటుందో లెక్క కట్టించారు. జూన్ మొదట్లోనే తొందరపడొద్దు, నెలాఖరులో విత్తండని 175 మంది రైతుల ఫోన్లకి తెలుగులో మెసేజ్‌లు పంపారు. వేరుశనగ దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని నిర్వాహకులు ప్రకటించారు. వానను నమ్ముకున్న నేలలో ఇది చిన్న మేలేం కాదు.

అయితే ఎప్పుడు విత్తాలన్నది సేద్యం ఉన్నవాళ్ల ప్రశ్న. సెంటు భూమి లేని మాలమాదిగ ఆడకూలీల ప్రశ్న వేరు. కలుపు తీతకి, బుడ్డలు పీకడానికి ఈ ఏడు ఎన్ని దినాల పని దొరుకుతుంది? వాన ఎగ్గొడితే సుగ్గికి గుంటూరు మిరప చేలకి ఎప్పుడు పోవాల? పోతే పిల్లల బడి ఏం కావాల? అవే వానల లెక్కలతో ఊళ్లో పనికి కరువు ఎప్పుడొస్తుందో ముందే అంచనా వేసే పరిశోధన చేయొచ్చు. ప్రభుత్వం పనులు సకాలంలో తెరవొచ్చు. దానికి పెట్టుబడి పెట్టేవాళ్లే కరువు.

కారణం స్టార్టప్ పెట్టుబడి నడకలో ఉంది. వెంచర్ క్యాపిటల్ నిధి తన మదుపుదార్లకి సుమారు పదేళ్లలో ఎన్నో రెట్లు తిరిగివ్వాలి. పెట్టిన కంపెనీల్లో చాలా మునుగుతాయి కాబట్టి, ఒకటి రెండు విపరీతంగా పెరిగి ఆ నష్టం పూడ్చాలి. అందుకే పెద్ద మార్కెట్ ఉన్న ప్రశ్ననే ఏరుకుంటుంది. విత్తనాలు, మందులు, అప్పులు అమ్మేవాళ్లకి రైతు మార్కెట్. కూలీ వాళ్ల లెక్కకి రాదు.

2015లో కేంద్రం షెడ్యూల్డ్ కులాల కోసం వెంచర్ క్యాపిటల్ నిధి పెట్టింది. అవసరమే. కానీ అది కంపెనీ యజమాని ఎవరని చూస్తుంది, ప్రశ్న ఎవరిదని చూడదు.

2024 మార్చిలో ఇండియా ఏఐ మిషన్‌కి కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన రూ.10,371.92 కోట్లు ప్రజల సొమ్ము. బడ్జెట్‌లో జనాభా దామాషా వాటా కోసం పోరాడి ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఉప ప్రణాళిక చట్టం సాధించుకున్నాం. అదే సూత్రం పరిశోధన నిధులకీ వర్తించాలి. కడప యోగి వేమన, కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయాల్లో చదివే వాడల పిల్లలు తమ ప్రశ్నల మీద పరిశోధన చేయడానికి ఆ డబ్బు అందాలి. ఈ డిమాండ్‌ను దళిత, విద్యార్థి, కూలీ సంఘాలు ఇప్పుడే ఎత్తుకోవాలి.