కేంద్రం కంప్యూటరుకు కొత్త విండోస్: మార్చాలా, ఆగాలా?

కొంతకాలంగా సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉన్నది. "మా పాల కేంద్రంలోని కంప్యూటరు తెరమీద విండోస్ 10కి గడువు తీరింది, విండోస్ 11కు మారండి అని వస్తున్నది. మారకపోతే ఏమవుతుంది? మారితే మా తూకం యంత్రం, వెన్న పరీక్ష యంత్రం పనిచేస్తాయా?" అని.

ఇది కార్యదర్శి ఒక్కరే తేల్చుకొని వదిలివేయవలసిన విషయం కాదు. రెండు పూటలా మనం పోసే పాల లెక్క ఆ కంప్యూటరులోనే ఉంటున్నది. అందువల్ల పాలు పోసే ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ ఈ సంగతి తెలుసుకోవటం మంచిది.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటి?

కేంద్రంలో తూకం వేసేవారు ఒకరు, నమూనా పరీక్షించేవారు ఒకరు, చీటీ ఇచ్చేవారు ఒకరు ఉంటారు. ఒకరి లెక్క మరొకరికి సరిగా అందేటట్లు కార్యదర్శి చూసుకుంటారు. కంప్యూటరు లోపల ఇటువంటి పని చేసేదే ఆపరేటింగ్ సిస్టమ్. తూకం యంత్రం చూపిన కిలోలను, పరీక్ష యంత్రం చూపిన వెన్న శాతాన్ని, ఎస్.ఎన్.ఎఫ్.ను అందుకొని అది మన పాల లెక్క ప్రోగ్రాముకు ఇస్తుంది. ప్రోగ్రాము కట్టిన ధరను ప్రింటరుకు పంపిస్తుంది. మన సంఘాలలో ఎక్కువగా కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్ కంపెనీవారి విండోస్.

విండోస్ ఎప్పుడూ ఒకే రూపంలో ఉండదు. 2001లో వచ్చిన ఎక్స్.పి.కి 2014 ఏప్రిల్ 8తో గడువు తీరింది. 2009లో వచ్చిన విండోస్ 7కు 2020 జనవరి 14తో తీరింది. 2015 జూలైలో వచ్చిన విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో తీరింది. అంటే అయిదారేళ్ళకు ఒకసారి ఈ ప్రశ్న మన గుమ్మంలోకి వస్తూనే ఉంటుంది.

గడువు తీరితే కంప్యూటరు ఆగిపోతుందా?

ఆగిపోదు. మరునాడు ఉదయం కూడా ఎప్పటివలె తెరుచుకుంటుంది, చీటీ ఇస్తుంది. ఆగిపోయేది కంప్యూటరు కాదు, దానికి నెలనెలా అందుతున్న రక్షణ.

గాలికుంటు వ్యాధికి ఆరు నెలలకు ఒకసారి టీకా వేయిస్తున్నాము. ఒక దఫా తప్పినంతమాత్రాన గేదె ఆ రోజే పాలు తగ్గించదు. కాని ఊళ్ళోకి వ్యాధి వచ్చిననాడు టీకా లేని పశువే ముందు పడుతుంది. కంప్యూటరు సంగతీ ఇంతే. విండోస్‌లో బయటపడే లోపాలను పూడ్చటానికి కంపెనీవారు ప్రతి నెలా ఉచితంగా పంపే సవరణలే దానికి టీకాలు. గడువు తీరిన తరువాత ఆ టీకాలు రావు. కొత్త లోపాలు మాత్రం బయటపడుతూనే ఉంటాయి.

టీకా విలువ 2017లో తెలిసివచ్చింది. ఆ సంవత్సరం మే 12న 'వాన్నక్రై' అనే వైరసు సుమారు 150 దేశాలలో 2 లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టుకున్నది. లోపలి లెక్కలన్నిటికీ తాళం వేసి, తాళం తీయాలంటే 300 డాలర్లు చెల్లించమన్నది. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాత పడ్డాయి. గమనించవలసిన విషయమేమంటే, ఆ వైరసు దూరిన లోపానికి సవరణ రెండు నెలల ముందే, మార్చి 14న విడుదలయింది. దానిని వేసుకున్న కంప్యూటర్లలోకి ఆ దారిన వైరసు దూరలేకపోయింది. వేసుకోనివీ, గడువు తీరి సవరణ అందనివీ ప్రమాదంలో పడ్డాయి.

మన కేంద్రానికి అటువంటి తాళం పడితే పోయేది డబ్బాలోని లెక్క మాత్రమే కాదు. పదిహేను రోజుల పాలకు ఎవరికి ఎంత ఇవ్వాలో చెప్పే ఆధారం పోతుంది.

తొందరపడినా నష్టమే

అయితే ఈ రోజే మార్చేయవచ్చునా అంటే, అదీ సరికాదు. ఒక సంఘంలో జరిగిన సంగతి చెబుతాము. పక్షం బిల్లు రెండు రోజులలో ఉన్నదనగా మధ్యాహ్నం వేళ కంప్యూటరులో కొత్త విండోస్ వేయించారు. సాయంత్రం పూట తూకం వస్తున్నది, వెన్న శాతం రావటం లేదు. వరుసలో జనం నిలబడి ఉన్నారు. పాలు ఆగవు కదా! పరీక్ష యంత్రం మీద అంకె చూసి ఒకరు చదువుతుంటే మరొకరు చేత్తో కొట్టారు. ఆ హడావిడిలో 6.5 అన్నది 6.0గా పడింది. తన గేదె పాల వెన్న ఎంతో తెలిసిన ఒక సభ్యురాలు చీటీ చూసి నిలదీసేవరకు ఎవరూ గమనించలేదు.

తేడా ఎంత అని తేలికగా తీసుకోరాదు. 10 కిలోల పాలలో 6.5 వెన్న అంటే 650 గ్రాములు, 6.0 అంటే 600 గ్రాములు. కిలో వెన్నకు 800 రూపాయలు కడుతున్నారనుకుంటే 50 గ్రాములకు 40 రూపాయలు. అది ఒక్క పూట, ఒక్క క్యాను నష్టం.

జరిగిందేమిటంటే, ఆ పరీక్ష యంత్రానికి 9 పిన్నుల పాత సీరియల్ కేబులు ఉన్నది. ఈనాటి కంప్యూటర్లకు ఆ రంధ్రం ఉండటం లేదు కనుక మధ్యలో యు.ఎస్.బి. కన్వర్టరు పెట్టుకుంటున్నాము. పాత కన్వర్టర్లలోని కొన్ని రకాల చిప్పులు విండోస్ 10లో పనిచేసినా విండోస్ 11లో పనిచేయవు. కొన్ని వందల రూపాయల కన్వర్టరు ముందే మార్చి ఉంటే ఈ గొడవ లేకపోయేది.

తేదీలతో మరొక చిక్కు ఉన్నది. విండోస్‌ను కొత్తగా వేసినప్పుడు తేదీ అమెరికా పద్ధతిలో, అంటే నెల ముందు రోజు వెనుక ఉండేటట్లు పడవచ్చు. కొన్ని పాత పాల లెక్క ప్రోగ్రాములు అప్పుడు జూన్ 5ను మే 6గా చదువుతాయి. ఆ పూట పాలు వేరే పక్షంలో పడతాయి. అందువల్ల తేదీ పద్ధతిని భారతదేశానికి మార్చిన తరువాతనే మొదటి చీటీ తీయాలి.

మీ కేంద్రం ఏ తరగతిలోనిది?

అన్ని సంఘాలకూ ఒకే జవాబు చెప్పటానికి వీలు లేదు. ముందుగా మీ కేంద్రంలో ఉన్నదేమిటో చూసుకోండి.

మొదటి తరగతి: కంప్యూటరు లేకుండా, తూకం, పరీక్ష, చీటీ అన్నీ ఒక చిన్న డేటా ప్రాసెసర్ పెట్టెతోనే నడిచే కేంద్రాలు. ఆ పెట్టెలో విండోస్ లేకపోతే ఈ మార్పుతో మీకు పని లేదు. ఎవరైనా వచ్చి మార్చాలంటే ఖర్చు పెట్టవద్దు.

రెండవ తరగతి: కంప్యూటరు ఉన్నది, కాని దానికి ఇంటర్నెట్ లేదు. మీరు కొంతకాలం ఆగవచ్చు. అయితే పెన్ డ్రైవు ద్వారా కూడా వైరసు వస్తుందని మరువరాదు. లెక్కలు తీసుకుపోవటానికి ఒక పెన్ డ్రైవును ప్రత్యేకించి, దానిని మరే పనికీ వాడకండి. పాటలు, సినిమాలు ఉన్న పెన్ డ్రైవును ఆ కంప్యూటరు దరికి రానీయవద్దు.

మూడవ తరగతి: ఇంటర్నెట్ ఉండి, రోజువారీ లెక్కలు డెయిరీకి పంపేవి, సభ్యుల బ్యాంకు ఖాతాల వివరాలు ఉన్నవి. గడువు తీరిన విండోస్‌తో నడిపితే ఎక్కువ ప్రమాదం వీటికే. మీరు మారే ఏర్పాటు ఆలస్యం లేకుండా చేసుకోవాలి. అంతవరకు ఆ కంప్యూటరులో పాల లెక్క తప్ప వేరే పని జరగనీయవద్దు.

మీ కంప్యూటరు పనికివస్తుందా?

విండోస్ 11కు 64 బిట్ ప్రాసెసరు, కనీసం 4 జి.బి. మెమరీ, 64 జి.బి. డిస్కు, టి.పి.ఎం. 2.0 అనే రక్షణ చిప్పు కావాలి. సుమారుగా చెప్పాలంటే 2018కి ముందు కొన్న కంప్యూటర్లు చాలావరకు పనికిరావు. అంచనా వేసుకోనవసరం లేదు. మైక్రోసాఫ్ట్ వారి 'పి.సి. హెల్త్ చెక్' అనే ఉచిత ప్రోగ్రాము నడిపితే పనికివస్తుందో రాదో అదే చెబుతుంది. టి.పి.ఎం. లేదని చూపితే వెంటనే నిరాశపడవద్దు. కొన్నిటిలో అది ఉండి కూడా ఆపివేసి ఉంటుంది. తెలిసినవారు కంప్యూటరు సెట్టింగులలో దానిని తెరవగలరు.

పనికివచ్చే కంప్యూటరులో అసలైన విండోస్ 10 ఉంటే 11కు మారటానికి లైసెన్సు రుసుము లేదు. పనికిరాని కంప్యూటరులో కూడా ఏదో ఒక అడ్డదారిన వేసి ఇస్తామనే దుకాణదారులు ఉన్నారు. అటువంటి వాటికి సవరణలు అందుతాయని కంపెనీవారు హామీ ఇవ్వటం లేదు. టీకా కోసమే మారుతూ, టీకా అందని దారిన మారటంలో అర్థం లేదు.

మరొక మాట. విండోస్ 11లో 64 బిట్ తరగతి మాత్రమే ఉన్నది. డాస్ కాలంనాటి పాత ప్రోగ్రాములు దానిలో నేరుగా నడవవు. మీ పాల లెక్క ప్రోగ్రాము అంత పాతదైతే ముందు ఆ ప్రోగ్రాము సంగతి చూసుకోండి.

మార్చేటప్పుడు పాటించవలసినవి

1. పక్షం బిల్లు చెల్లించిన మరునాడే మొదలుపెట్టండి. ఉన్న విండోస్ మీదనే కొత్తది వేసినప్పుడు, వెనుకటిదానికి తిరిగి పోవటానికి 10 రోజుల గడువు ఉంటుంది. తప్పులేమైనా ఉంటే ఆ లోపలనే తేలాలి.

2. సభ్యుల జాబితా, కోడ్ నంబర్లు, ధరల పట్టిక, పాత బిల్లులు రెండు చోట్ల నకలు తీయండి. ఒక నకలు కేంద్రం వెలుపల ఉంచండి. ఆ నకలు తెరుచుకుంటున్నదో లేదో చూసిన తరువాతనే పని మొదలుపెట్టాలి.

3. తూకం, పరీక్ష యంత్రం, ప్రింటరు, పెద్ద అంకెల బోర్డు ఈ నాలుగూ విండోస్ 11లో పనిచేస్తాయని వాటిని అమ్మినవారిచేత కాగితం మీద రాయించుకోండి. నోటిమాట చాలదు.

4. విండోస్ 11 అడిగే ఖాతాను కార్యదర్శి సొంత ఈమెయిలుతో తెరవకండి. సంఘం పేరున తెరవండి. కొత్త కంప్యూటర్లలో డిస్కుకు దానంతట అదే తాళం పడవచ్చు. అది తీయటానికి 48 అంకెల తాళపు సంఖ్య ఉంటుంది. దానిని కాగితం మీద రాసి సంఘం బీరువాలో భద్రపరచండి. కార్యదర్శి మారిననాడు లెక్కలు ఆయనతోపాటు పోకూడదు.

5. మార్చిన మొదటి వారం చేతిపుస్తకం కూడా రాయండి. పూట ముగిశాక పుస్తకం మొత్తమూ కంప్యూటరు మొత్తమూ సరిచూసి ఇద్దరు సంతకం చేయాలి.

ఖర్చు మాట

కొంతకాలం పాత విండోస్‌తోనే ఉండదలచినవారికి డబ్బు కట్టించుకొని సవరణలు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. వ్యక్తుల సొంత వాడకానికి అది 2026 అక్టోబరు 13 వరకు. సంస్థలకు 2028 అక్టోబరు వరకు. సంస్థలకు నిర్ణయించిన రుసుము కంప్యూటరుకు మొదటి ఏడాది 61 డాలర్లు, తరువాత ఏటా రెట్టింపు. మూడేళ్ళకు కలిపి 427 డాలర్లు. మన రూపాయలలో ముప్పై అయిదు వేలకు పైమాటే. వట్టిపోయిన గేదెకు మూడేళ్ళు దాణా పెట్టటమా, ఆ డబ్బుతో పాడి గేదెను తెచ్చుకోవటమా అన్నది పాలకవర్గం ఆలోచించాలి.

విండోస్ 11కూ ఒకనాటికి గడువు తీరుతుంది. 40,000 రూపాయల కంప్యూటరును 8 ఏళ్ళు వాడుకుంటామనుకుంటే, ఏటా 5,000 రూపాయలు పక్కన పెట్టుకోవటం న్యాయం. క్యాన్లకు, పరీక్ష యంత్రానికి తరుగుదల రాసుకుంటున్నట్లే దీనికీ రాసుకుంటే తరువాతి మార్పునాడు వెతుకులాట ఉండదు.

సభ్యులకు ఒక మాట

ఈ విషయాన్ని పాలకవర్గ సమావేశంలో పెట్టి, మీ కేంద్రం ఏ తరగతిలోనిదో చూసుకొని, మార్చే తేదీని, ఖర్చును తీర్మానంలో రాయించండి. ఆ తేదీని కేంద్రం బోర్డు మీద రాయండి. మార్చిన తరువాత ఆ పక్షమంతా ప్రతి సభ్యుడూ తన చీటీలో కిలోలు, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్., తేదీ నాలుగూ చూసుకొని ఇంటికి పోవాలి. చదువురానివారికి పిల్లలు చదివి చెప్పాలి. మన పాల వెన్న ఎంతో మనకంటే బాగా ఏ యంత్రానికీ తెలియదు. అంకె తేడాగా ఉంటే ఆ పూటే అడగండి. బిల్లు చేతికి వచ్చేదాకా ఆగవద్దు.