ఆండ్రాయిడ్ ఫ్రీనే.. మరి ప్లే స్టోర్? మీ ఫోన్‌లో ఉన్న లైసెన్స్ లెక్క ఇదీ!

కొత్త ఫోన్ కొని ఆన్ చేయగానే ప్లే స్టోర్, యూట్యూబ్, మ్యాప్స్, జీమెయిల్ అన్నీ ముందే ఉంటాయి. ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ కదా, దాంతోపాటు ఇవి కూడా ఫ్రీగానే వచ్చేశాయని చాలామంది అనుకుంటారు. కానీ లైసెన్స్ లెక్కలో ఆండ్రాయిడ్ వేరు, ఈ యాప్స్ వేరు. ఈ తేడా దగ్గరే 2009లో ఒక డెవలపర్‌కు లీగల్ నోటీసు వచ్చింది. 2019లో హువావే ఫోన్లకు ప్లే స్టోర్ దూరమైంది. 2022లో మన దేశంలో గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా పడింది. అసలు ఈ లెక్కేంటో చూద్దాం.

ఒకే ఫోన్.. మూడు పొరలు

ఫోన్ సాఫ్ట్‌వేర్‌ను మూడు పొరలుగా ఊహించుకోండి.

అన్నిటికంటే కింద ఉండేది లినక్స్ కెర్నల్. దీనికి జీపీఎల్ వెర్షన్ 2 లైసెన్స్ ఉంది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కానీ మార్చిన కెర్నల్‌ను ఫోన్‌లో పెట్టి అమ్మితే దాని సోర్స్ కోడ్ కూడా ఇవ్వాల్సిందే.

దానిపైన ఉండేది ఆండ్రాయిడ్. ఇందులో ఎక్కువ భాగం అపాచీ 2.0 లైసెన్స్ కింద ఉంది. ఇది కాస్త సులువైన లైసెన్స్. కంపెనీలు తమ మార్పులను బయటపెట్టకపోయినా పర్వాలేదు.

పై పొరలో ఉండేవి గూగుల్ యాప్స్. ఇవి ప్రొప్రయిటరీ, అంటే గూగుల్ సొంత సాఫ్ట్‌వేర్. వీటి కోడ్ బయటకు రాదు. ఫోన్‌లో ముందే వేసి అమ్మాలంటే గూగుల్‌తో ఒప్పందం ఉండాలి.

కలిపి ఇవ్వాలంటే రెండు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ఓపెన్ సోర్స్ లైసెన్స్ ఒప్పుకుంటుందా? చాలాసార్లు సమాధానం అవుననే. దేనికది విడిగా పనిచేసే ప్రోగ్రామ్స్ ఒకే డిస్క్‌లోనో, ఒకే ఫోన్‌లోనో పక్కపక్కన ఉంటే జీపీఎల్‌కు అభ్యంతరం లేదు. కానీ జీపీఎల్ కోడ్‌తో కలిపేసి ఒకే ప్రోగ్రామ్‌గా చేసి పంచితే మొత్తానికి జీపీఎల్ వర్తిస్తుంది. కెర్నల్‌లోకి లోడ్ అయ్యే ప్రొప్రయిటరీ డ్రైవర్లపై ఏళ్ల తరబడి నడుస్తున్న గొడవ ఇదే. అవి విడి ప్రోగ్రామా, కెర్నల్‌లో భాగమా అన్నదే అక్కడి వాదన.

రెండో ప్రశ్న: ఆ ప్రొప్రయిటరీ సాఫ్ట్‌వేర్ ఓనర్ ఒప్పుకున్నారా? అసలు చిక్కు ఎక్కువగా ఇక్కడే. ఒక సాఫ్ట్‌వేర్ ఫ్రీగా డౌన్‌లోడ్ అవుతోందంటే మీరు వాడుకోవచ్చని మాత్రమే అర్థం. దాన్ని మీరు ఇంకొకరికి పంచవచ్చని కాదు.

కొన్ని కంపెనీలు పంచడానికి ముందే అనుమతి ఇస్తాయి. వైఫై చిప్‌లు పనిచేయడానికి కావాల్సిన ఫర్మ్‌వేర్ విషయంలో ఇలాంటి అనుమతులు చాలా ఉన్నాయి. అందుకే 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 తన ఇన్‌స్టాలర్‌లోనే అలాంటి ఫర్మ్‌వేర్‌ను చేర్చగలిగింది.

సయనోజెన్‌మాడ్‌కు ఏమైంది?

స్టీవ్ కోండిక్ అనే డెవలపర్ ఆండ్రాయిడ్ కోడ్‌ను మార్చి సయనోజెన్‌మాడ్ అనే కస్టమ్ రామ్ తయారుచేశారు. అందులో జీమెయిల్, మ్యాప్స్, యూట్యూబ్, అప్పటి ఆండ్రాయిడ్ మార్కెట్ కూడా ఉండేవి. 2009 సెప్టెంబర్‌లో గూగుల్ నోటీసు పంపింది. ఆండ్రాయిడ్‌ను మార్చినందుకు కాదు, యాప్స్‌ను అనుమతి లేకుండా పంచుతున్నందుకు.

దీంతో ఆ యాప్స్ తీసేసి రామ్‌ను మాత్రమే విడుదల చేశారు. యూజర్లు తమ ఫోన్‌లో అప్పటికే ఉన్న గూగుల్ యాప్స్‌ను బ్యాకప్ తీసుకుని మళ్లీ వేసుకునే దారి చూపించారు. ఇప్పటి లీనేజ్ ఓఎస్‌లో కూడా గూగుల్ యాప్స్ ఉండవు. కావాలంటే యూజరే విడిగా వేసుకోవాలి.

హువావేకు మిగిలింది ఏంటి?

2019 మేలో అమెరికా ప్రభుత్వం హువావేను వ్యాపార ఆంక్షల జాబితాలో పెట్టింది. దాంతో హువావే కొత్త ఫోన్లకు గూగుల్ తన యాప్స్ ఇవ్వలేకపోయింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో మేట్ 30 సిరీస్ ప్లే స్టోర్ లేకుండానే వచ్చింది. విచిత్రం ఏంటంటే, ఓపెన్ సోర్స్ ఆండ్రాయిడ్‌ను మాత్రం హువావే వాడుకోగలిగింది. ఒప్పందంతో వచ్చింది ఒప్పందంతోనే పోయింది, ఓపెన్ లైసెన్స్‌తో వచ్చింది మిగిలింది.

మన దేశంలో గొడవ ఎక్కడ?

ఇక్కడ సమస్య తిరగబడింది. యాప్స్ ఇవ్వకపోవడం కాదు, అన్నీ కలిపే తీసుకోమనడం. ప్లే స్టోర్ కావాలంటే మిగతా గూగుల్ యాప్స్ కూడా ముందే వేయాలన్న షరతు అన్యాయమని కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా తేల్చింది. 2022 అక్టోబర్ 20న జరిమానా వేసింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇవ్వకపోవడంతో, ఇండియాలో ఫోన్ కంపెనీలు కావాల్సిన యాప్‌కే లైసెన్స్ తీసుకోవచ్చని గూగుల్ ప్రకటించింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను సమర్థించింది, అయితే కమిషన్ ఇచ్చిన ఆదేశాల్లో నాలుగింటిని పక్కనపెట్టింది.

ఇదే తరహా కేసులో యూరోపియన్ కమిషన్ 2018లోనే 434 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2022లో అక్కడి కోర్టు దాన్ని 412.5 కోట్ల యూరోలకు తగ్గించింది.

ఇవి గుర్తుపెట్టుకోండి

* కస్టమ్ రామ్ గానీ, లినక్స్ సీడీ గానీ తయారుచేసి పంచుతుంటే అందులోని ప్రతి సాఫ్ట్‌వేర్ లైసెన్స్ విడివిడిగా చూడండి. ఒకదాని అనుమతి ఇంకోదానికి పనికిరాదు.
* డబ్బులు తీసుకోకుండా పంచినా అనుమతి అవసరమే. సయనోజెన్‌మాడ్ కూడా ఫ్రీగానే ఇచ్చారు.
* జీపీఎల్ సాఫ్ట్‌వేర్‌ను మార్చి ఇస్తే సోర్స్ కోడ్ ఇవ్వడానికి సిద్ధంగా ఉండండి.
* తక్కువ ధరకు తెలియని బ్రాండ్ ఫోన్ కొంటే ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి సెట్టింగ్స్, తర్వాత అబౌట్‌లోకి వెళ్లండి. అక్కడ ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ ఉందో లేదో కనిపిస్తుంది. లేకపోతే కొన్ని బ్యాంకింగ్, పేమెంట్ యాప్స్ ఆ ఫోన్‌లో పనిచేయకపోవచ్చు.