ఇంటి ఫ్రిజ్‌కు తప్పనిసరి నాణ్యతా ధ్రువీకరణ: లైసెన్సు ఎవరిది, బాధ్యత ఎవరిది?

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఫ్రిజ్ కొనడానికి వెళ్తే దుకాణదారు మొదట చూపించేది తలుపు మీద అతికించిన నక్షత్రాల లేబుల్. ఐదు నక్షత్రాలున్నాయి కాబట్టి మంచి సరుకు అని మనం కూడా అనుకుంటాం. కానీ ఆ లేబుల్ చెప్పేది కరెంటు ఖర్చు గురించి మాత్రమే. దాన్ని పర్యవేక్షించేది ఇంధన సామర్థ్య బ్యూరో. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకు 2010 నుంచి ఈ లేబుల్ తప్పనిసరి. ఫ్రిజ్ షాక్ కొట్టకుండా ఉంటుందా, చెప్పినంత చల్లదనం ఇస్తుందా అనే ప్రశ్నలకు జవాబు ఐఎస్ఐ ముద్రలో వెతకాలి. ఈ భాగంలో ఆ ముద్ర ఎలా వస్తుందో తెలుసుకుందాం.

భారతీయ ప్రమాణాల బ్యూరో (బీఐఎస్) చట్టం, 2016లోని 16వ సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వం ఏ వస్తువుకైనా ప్రామాణిక ముద్రను తప్పనిసరి చేయవచ్చు. ఫ్రిజ్‌ల విషయంలో ఆ పని చేసింది 2020 నాటి రిఫ్రిజిరేటింగ్ అప్లయన్సెస్ నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు. ఉత్తర్వు ఇచ్చింది వాణిజ్య, పరిశ్రమల శాఖ. ముద్ర ఇచ్చే బీఐఎస్ వినియోగదారుల వ్యవహారాల శాఖ కింద ఉంది. నక్షత్రాలు చూసేది విద్యుత్ శాఖ. కొనేవారు తికమక పడటంలో ఆశ్చర్యం లేదు.

ఇక ప్రమాణం దేన్ని పరీక్షిస్తుందో చూద్దాం. ఇంటి ఫ్రిజ్‌లకు వర్తించే ఐఎస్ 17550లో వాతావరణ తరగతులున్నాయి. ‘ఎన్’ తరగతి ఫ్రిజ్ పరిసరాల వేడి 32 డిగ్రీల వరకు, ‘ఎస్‌టీ’ 38 వరకు, ‘టీ’ 43 వరకు పనిచేసేలా తయారవుతుంది. మే నెలలో ఏలూరు ఎండ 40 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. రేకుల ఇంట్లో, పొయ్యి పక్కన పెట్టిన ఫ్రిజ్‌కు ఆ వేడి ఇంకా ఎక్కువే. మరో పరీక్ష తేమకు సంబంధించినది. తేమ నిండిన గదిలో ఫ్రిజ్‌ను నడిపి, బయటి గోడల మీద నీరు ఎంత పడుతుందో చూస్తారు. కొల్లేటి లంకల్లో వర్షాకాలమంతా ఫ్రిజ్ తలుపు చెమర్చడం చూసినవారికి దీని అవసరం వివరించనక్కర్లేదు. ఫ్రీజర్ గడి మీద కూడా నక్షత్రాలుంటాయి. అవి కరెంటు నక్షత్రాలు కావు, ఉష్ణోగ్రత గుర్తులు: ఒకటి ఉంటే మైనస్ 6, రెండుంటే మైనస్ 12, మూడుంటే మైనస్ 18 డిగ్రీలు. శీలావతి ముక్కలను వారాల తరబడి దాచాలంటే ఒక్క నక్షత్రం గడి చాలదు. చేపల దుకాణాల్లో వాడే డీప్ ఫ్రీజర్లకు ప్రమాణం వేరు.

మీరే తాడేపల్లిగూడెంలో ఒక చిన్న ఫ్రిజ్‌ల కర్మాగారం పెట్టారనుకోండి. బీఐఎస్ వారి మానక్ ఆన్‌లైన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. యంత్రాల వివరాలు, పరీక్షా సదుపాయాలు, గుర్తింపు పొందిన ప్రయోగశాల ఇచ్చిన నివేదిక చూపాలి. అధికారి కర్మాగారానికి వచ్చి తయారీని, మీ పరీక్షలను పరిశీలిస్తారు. అన్నీ సరిపోతే లైసెన్సు ఇస్తారు. తొలి గడువు రెండేళ్లకు మించదు, తర్వాత పునరుద్ధరించుకోవాలి. లైసెన్సు చేతికొచ్చాక కూడా పర్యవేక్షణ ఆగదు. బజారులో అమ్ముతున్న మీ ఫ్రిజ్‌నే కొని పరీక్షకు పంపవచ్చు.

ఇక్కడొక ముఖ్య విషయం గమనించండి. లైసెన్సు బ్రాండుకు ఇచ్చే బిరుదు కాదు. ఫలానా చోట ఉన్న ఫలానా కర్మాగారంలో, ఫలానా ప్రమాణం ప్రకారం తయారయ్యే సరుకుకే అది వర్తిస్తుంది. అదే సంస్థ మరో ఊరిలో కర్మాగారం తెరిస్తే మళ్లీ దరఖాస్తు చేయాల్సిందే. విదేశీ కర్మాగారాలకూ ఇదే నియమం.

అయితే బాధ్యత తయారీదారుతో ఆగిపోదు. 17వ సెక్షన్ ప్రకారం ముద్ర లేని ఫ్రిజ్‌ను తయారు చేయడమే కాదు, దిగుమతి చేసుకోవడం, అమ్మడం, అద్దెకివ్వడం, అమ్మకానికి నిల్వ ఉంచడం, ప్రదర్శించడం కూడా నేరమే. 2016 చట్టంలో దీనికి రెండేళ్ల వరకు జైలు, లేదా మొదటిసారి కనీసం 2 లక్షల రూపాయల జరిమానా, లేదా రెండూ అని రాశారు. “కంపెనీ పంపింది, నేను అమ్మాను” అని దుకాణదారు తప్పించుకోవడం కష్టం.

ఐఎస్ఐ ముద్రకు పైన ప్రమాణం సంఖ్య, కింద ‘సీఎం/ఎల్’తో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో, అమలులో ఉందో లేదో తెలుస్తుంది. సరుకు ప్రమాణానికి తగినట్లు లేకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. అమ్మిన కంపెనీ ఢిల్లీలో ఉన్నా సరే. బిల్లు మాత్రం దాచుకోండి.

అభ్యాసం: మీ ఇంట్లో లేదా పక్కింట్లో ఉన్న ఫ్రిజ్ పలకను పరిశీలించి వాతావరణ తరగతి, ప్రమాణం సంఖ్య, లైసెన్సు సంఖ్య రాసుకోండి. యాప్‌లో చూపిన కర్మాగారం చిరునామా పలక మీది చిరునామాతో సరిపోయిందా?